ప్రీలాంచ్‌లో పెట్టిన 38 లక్షలు వడ్డీతో సహా రాబట్టాను: నా అనుభవం

మొన్న శుక్రవారం బిల్డర్ ఇచ్చిన డీడీలు నా ఖాతాలో జమ అయ్యాయి. అసలు 38 లక్షల 40 వేలు, దాని మీద వడ్డీ. ఒక చిన్న పేచీ ఇంకా మిగిలి ఉంది, అది చివర్లో చెప్తాను. కోపం చల్లారక ముందే ఇదంతా రాసేయాలనుకున్నాను. ఇంకో రెండు నెలలు పోతే 'పోన్లే, డబ్బు వచ్చింది కదా' అనిపించి సగం సంగతులు మింగేస్తాను.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇందులో పెట్టిన డబ్బు మా అమ్మ నా పేరున రాసిచ్చిన పొలం అమ్మితే వచ్చింది. అగ్రిమెంటు నా పేరు మీద, చెక్కులు నా ఖాతావి, రసీదులూ నావే. మా వారి సంతకం ఒక్క కాగితం మీద కూడా లేదు. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానో ముందుకెళ్తే తెలుస్తుంది.

2021లో హైదరాబాద్ చుట్టుపక్కల ప్రీలాంచ్ జోరు ఎలా ఉండేదో అప్పుడు ఫోను ఉన్న వాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. రోజుకో బ్రోచర్. ఇంకా అనుమతి రాని ప్రాజెక్టులో మొత్తం డబ్బు ముందే కడితే బయటి ధరకు సగం కొంచెం పైన ఇస్తారు. మా వారి చిన్నాన్న కొడుకు, వరసకు నాకు మరిది, ఉన్న ఉద్యోగం మానేసి ఈ ఫ్లాట్లు అమ్మే పనిలో చేరాడు. "వదినా, బయట ఐదున్నర వేలు నడుస్తున్న చోట మనకి 3,200కే ఇస్తున్నారు. ముందు యూడీఎస్, అంటే భూమిలో మీ వాటా, రిజిస్ట్రేషన్ చేసేస్తారు, ఏడాదిలో హెచ్ఎండీఏ (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) అనుమతి వస్తుంది, నాలుగేళ్లలో తాళాలు మీ చేతిలో" అన్నాడు. ఫ్లాటు 1,200 అడుగులు. మూడు విడతల్లో కట్టాను. వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఎంఓయూ అనే ఒప్పందం రాసిచ్చారు. భూమిలో మన వాటా రిజిస్ట్రేషన్ మాత్రం 'వచ్చే నెల' అన్నారు. ఆ వచ్చే నెల ఇప్పటిదాకా రాలేదు.

ఇప్పుడు ఎవరైనా నన్ను ప్రీలాంచ్ గురించి అడిగితే ఒకటే చెప్తాను. ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వస్తుందో లెక్క వేయండి. భూమి ఇంకా బిల్డర్ పేరు మీదకు రాదు, అనుమతి ఉండదు, కాబట్టి ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. ఆ అప్పు మన దగ్గర తీసుకుంటాడు. తేడా ఏమిటంటే బ్యాంకు అయితే తాకట్టు రాయించుకుంటుంది, మనం ఎంఓయూ పట్టుకుని ఇంటికొస్తాం. మన డబ్బులోంచి భూమి యజమానికి అడ్వాన్స్, ఏజెంట్లకు కమీషన్, మిగిలితే ఇంకో ఊళ్లో ఇంకో భూమికి అడ్వాన్స్. కొత్తవాళ్లు కడుతున్నంత కాలం బండి నడుస్తుంది. అమ్మకాలు నెమ్మదించిన రోజున మొదటి ప్రాజెక్టుకి ఇటుక కొనడానికి కూడా డబ్బుండదు. బిల్డర్ పుట్టు మోసగాడే కానక్కర్లేదు, ఈ పద్ధతే అంత.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరా సంస్థలో నమోదు చేయకుండా ప్రకటన కూడా ఇవ్వకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అమ్మి పెట్టే ఏజెంటు కూడా రెరాలో నమోదు కావాలి, లేకపోతే రోజుకి 10 వేల చొప్పున జరిమానా పడొచ్చు. ఈ చివరి సెక్షన్ చదివిన రోజు మా మరిది మీద కూడా ఫిర్యాదు వేద్దామన్నాను. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. పెళ్లిళ్లలో మొహాలు చూసుకోవాలట. అతను మాత్రం రెండేళ్లు నా ఫోను ఎత్తలేదు, అప్పుడు ఎవరూ మొహాల సంగతి మాట్లాడలేదు. చుట్టాల దగ్గర ఇల్లూ స్థలం కొనకండి. బయటి ఏజెంటు అయితే కాలర్ పట్టుకుని అడగొచ్చు, చుట్టాన్ని నిలదీస్తే మనమే చెడ్డవాళ్లం అవుతాం.

2022 అంతా 'ఫైలు నడుస్తోంది' అన్నారు. 2023లో ఎన్నికల కోడ్ అన్నారు. ఎన్నికలయ్యాక కొత్త ప్రభుత్వం కుదురుకోవాలన్నారు. తర్వాత లోక్‌సభ కోడ్. మధ్యలో గట్టిగా అడిగిన వాళ్ల నోరు మూయించడానికి పోస్ట్ డేటెడ్ చెక్కులు ఇచ్చారు. నాకిచ్చినవి బౌన్స్ అయ్యాయి. చెక్కు కేసు వేయాలనుకునే వాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకోండి: చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చే మెమో అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. 'ఈ వారం ఆగండి మేడమ్, మళ్లీ వేద్దురుగాని' అని వాళ్లు మనల్ని ఆపేది ఆ గడువు దాటించడానికే.

రెరాలో ఫిర్యాదు వేయడం నిజంగా తేలిక. ఫామ్ ఎం ఆన్‌లైన్‌లో నింపి, ఎంఓయూ, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంటు, బ్రోచర్, వాట్సాప్ మెసేజీల ప్రింట్లు జత చేశాను. ఫీజు పెద్దదేం కాదు. ఒక లాయరుగారు దీనికి లక్ష రూపాయలు, మీద వచ్చినదాంట్లో వాటా అడిగారు. ఆయనకి నమస్కారం పెట్టి వచ్చి నేనే రాసుకున్నాను.

విచారణలో బిల్డర్ తరఫు లాయరు రెండు వాదనలు తెచ్చాడు. ఒకటి, ఈ ప్రాజెక్టు రెరాలో నమోదే కాలేదు కాబట్టి ఇక్కడ ఫిర్యాదు చెల్లదట. నమోదు చేయకుండా అమ్మిన వాడే ఆ మాట అంటున్నాడంటే ఆ ధైర్యానికి మెచ్చుకోవాలి. అది నిలబడలేదు. రెండోది వడ్డీ లెక్క. తెలంగాణలో వడ్డీ స్టేట్ బ్యాంకు వాళ్ల అత్యధిక ఎంసీఎల్ఆర్ (అప్పులకు పెట్టుకునే మూల వడ్డీ రేటు) మీద 2 శాతం కలిపి కడతారు. నా కేసులో 11 శాతం దగ్గర తేలింది. ఆయన ఆ వడ్డీని చివరి విడత కట్టిన తేదీ నుంచి మొత్తానికి కలిపి వేసుకొచ్చాడు. నేను ప్రతి విడతకీ విడిగా, కట్టిన రోజు నుంచి లెక్క కట్టిన పట్టిక ఇచ్చాను. ఏడో తరగతి పిల్లలకు చెప్పే సాధారణ వడ్డీయే. ఆయన పట్టికలో కూడికే తప్పింది. 'సార్, ఇక్కడ ఒకటి మిగులు మర్చిపోయారు' అన్నాను. ఆ ఒక్క క్షణం కోసం ఇన్నేళ్లు లెక్కలు చెప్పానేమో అనిపించింది.

ఆర్డర్ వచ్చింది. అసలు, వడ్డీ కలిపి ఇవ్వాలని, ఇంత గడువులోగా అని. స్వాధీనం ఇవ్వలేనప్పుడు డబ్బు వెనక్కి అడగడం కొనుగోలుదారుకు షరతుల్లేని హక్కు అని 2021 నవంబర్‌లో న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, దాన్నే పట్టుకున్నాను. బిల్డర్ అప్పీలుకు వెళ్లలేదు. వెళ్లాలంటే నాకు ఇవ్వాల్సిన మొత్తం ముందు డిపాజిట్ చేయాలి మరి. గడువు దాటింది, పైసా కట్టలేదు. మళ్లీ అర్జీ పెడితే సెక్షన్ 40 కింద రికవరీ సర్టిఫికెట్ వచ్చింది. అంటే నా బాకీని భూమి శిస్తు బకాయిలా కలెక్టర్ వసూలు చేసి పెట్టాలి. ముందు డిమాండ్ నోటీసు, కట్టకపోతే ఆస్తి అటాచ్‌మెంట్, చివరికి వేలం. చదవడానికి ఎంత బాగుందో! ఆ రోజు స్టాఫ్‌రూమ్‌లో అందరికీ స్వీట్లు పంచాను. అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుందని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు.

సర్టిఫికెట్ కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న జిల్లాకి వెళ్లింది. ఏ జిల్లా అనేది చెప్పను, ఇంకా వాళ్లతో పని ఉంది. అక్కడి కలెక్టరేట్ ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ముద్ర వేసి నంబరు ఇచ్చారు. ఆ నంబరు పట్టుకుని లోపలికెళ్తే 'ఈ సెక్షన్ కాదు'. పక్క సెక్షన్‌కి వెళ్తే 'సారు మీటింగ్‌లో ఉన్నారు'. ఎట్టకేలకు నా ఫైలు చూసే జూనియర్ అసిస్టెంట్ దొరికాడు. మా స్కూల్లో చదివి వెళ్లిన వాళ్ల వయసే. నేను చెప్పేదంతా విని, "మీ సార్‌ని ఒకసారి పంపండి మేడమ్, మాట్లాడతాం" అన్నాడు.

ఫైలు నాది బాబూ అన్నాను. "అదే మేడమ్, సార్ వస్తే క్లియర్‌గా చెప్తాం."

సరేనని తర్వాతి వారం మా వారిని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆయనకి కుర్చీ వేశారు. నన్ను చూసి కూడా ఆయనకే చెప్పడం మొదలుపెట్టారు: ఫైలు మండలానికి వెళ్లిందని, రిపోర్టు రావాలని, రిపోర్టు వచ్చాక పై అధికారికి పుటప్ చేస్తామని. మా వారు మంచాయన, చివరిదాకా శ్రద్ధగా తలూపి, "నాకు ఇందులో ఏమీ తెలీదండీ, అన్నీ ఆవిడే చూస్తుంది" అన్నారు. ఆ అబ్బాయి మొహం చూడాలి. అయినా వెళ్లేటప్పుడు 'ఉంటాను సార్' అని ఆయనకే చెప్పాడు.

మండలం ఆఫీసుకి వెళ్తే ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) గారు నిజాయితీగా ఒక మాట చెప్పారు. నోటీసు ఇవ్వడానికి వెళ్తే ఆ చిరునామాలో ఇప్పుడు పిల్లల బట్టల షాపు ఉందట. కంపెనీ లేదు, సామాన్లు లేవు, బోర్డు కూడా లేదు. 'జప్తు చేయడానికి ఆస్తులేవీ కనిపించలేదు' అని రిపోర్టు పంపేశారు. మరి ఇప్పుడేం చేయాలండీ అంటే, "ఆస్తులు మీరు చూపించాలి మేడమ్, మేమెక్కడని వెతుకుతాం? మీరైతే డబ్బు పెట్టారు కాబట్టి తెలిసి ఉంటుంది" అన్నారు.

డబ్బు పోగొట్టుకున్నవాడే దొంగ ఇల్లు కూడా చూపించాలన్నమాట. సరే, చూపిద్దామనే అనుకున్నాను. బిల్డర్ ఇల్లు నాకు తెలుసు. తీరా చూస్తే అది అతని భార్య పేరు మీద ఉంది. మా ఆర్డర్ కంపెనీ మీద. కంపెనీ వేరు, ఆమె వేరు. ఫిర్యాదు వేసేటప్పుడే డైరెక్టర్లను కూడా ప్రతివాదులుగా చేర్చమని నాకెవరూ చెప్పలేదు. మీరు వేస్తే చేర్చండి. ఎంతవరకు నిలుస్తుందో కేసును బట్టి ఉంటుంది కానీ, చేర్చకపోతే తర్వాత అడగడం కష్టం.

ఫైలు కదలకపోవడంతో ఒక సోమవారం సెలవు పెట్టి, కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లాను. హాలు బయట వరండాలో క్యూ. నా ముందు పింఛను ఆగిపోయిన ఒక పెద్దావిడ, ఆధార్ కార్డు కవర్లో పెట్టి గుండెకు హత్తుకుని నిలబడింది. నా వెనక గట్టు తగాదాతో వచ్చిన అన్నదమ్ములు, అక్కడ కూడా ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. అర్జీలు కంప్యూటర్లో ఎక్కించే అబ్బాయి "ఏ శాఖ మేడమ్?" అన్నాడు. రెవెన్యూ అన్నాను. "పాస్‌బుక్కా?" కాదు. "సర్వేనా?" కాదు. "మ్యుటేషనా?" కాదు నాయనా, రికవరీ. అతని జాబితా కిందిదాకా జరిపాడు, పైకి జరిపాడు. రికవరీ అనేది లేదు. 'ఇతరములు' అని నొక్కి రసీదు ఇచ్చాడు.

లోపల వేదిక మీద వరసగా అధికారులు. నా కాగితం ఒకరి దగ్గర నుంచి ఒకరికి వెళ్లి ఒకాయన దగ్గర ఆగింది. చదివి, "ఎంతమ్మా ఇది?" అన్నారు. చెప్పాను. మైకు ముందే ఉంది, ఆఫ్ చేయలేదు. "ముప్పై ఎనిమిది లక్షలు పెట్టేటప్పుడు మమ్మల్ని అడిగి పెట్టారా? సగం ధరకి వస్తుందంటే అత్యాశకు పోతారు, మునిగాక ఇక్కడికొస్తారు. అదిగో ఆ ముసలమ్మ రెండు వేల పదహారు రూపాయల పింఛను కోసం తిరుగుతోంది. ఎవరిది ముందు చూడమంటారు?"

హాల్లో నవ్వులు. కొందరు నవ్వలేదు, వాళ్లు నన్ను జాలిగా చూశారు, అది ఇంకా కష్టం. తల కొట్టేసినట్టయింది. నేను రోజూ నలభై మంది పిల్లల ముందు నిలబడి మాట్లాడే మనిషిని. నోట్లోంచి మాట రాలేదు. ఆ పెద్దావిడ పని ముందు కావాలని నేను మాత్రం ఒప్పుకోనా? కానీ ఆమె పింఛనుకీ నా సర్టిఫికెట్‌కీ మధ్య పోటీ పెట్టింది ఎవరు? రెండూ చేయాల్సిన కుర్చీలు అవే కదా. ఈ జవాబు నాకు బస్సెక్కాక తట్టింది. బయటికి వస్తుంటే గట్టు తగాదా అన్నదమ్ముల్లో చిన్నవాడు "నమస్తే టీచర్" అన్నాడు. వాళ్ల పిల్లాడు మా దగ్గర ఎనిమిదో తరగతి.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బీపీ మాత్ర వేసుకున్నాను. ఇక వదిలేద్దామని మా వారు అన్నారు. ఆయన అలా అనకపోయి ఉంటే నిజంగా వదిలేసేదాన్నేమో.

తెల్లారి సమాచార హక్కు దరఖాస్తు రాశాను. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, జిల్లాలో 10. నా ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గరికి వచ్చింది, ఎవరి దగ్గర ఉంది, నోట్ ఫైల్ నకలు ఇవ్వండి అని మాత్రమే అడిగాను. 'ఎందుకు ఆలస్యం చేశారు' లాంటి ప్రశ్నలు వేస్తే 'ఇది సమాచారం కిందకు రాదు' అని తిప్పి పంపుతారు. నెల గడువు ముగిసే ముందు జవాబొచ్చింది. నోట్ ఫైల్‌లో ఆస్తుల్లేవన్న ఆ రిపోర్టు తర్వాత ఒక్క ముక్క లేదు. ఎవరో పెన్సిల్‌తో 'మాట్లాడవలెను' అని రాసి వదిలేశారు. ఎవరితో మాట్లాడాలో ఆ పెన్సిల్‌కే తెలియాలి.

ఇంతలో మా కొనుగోలుదారుల గ్రూపు గురించి. అందులో పెద్ద మనుషులు కొందరు 'బిల్డర్‌ని చికాకు పెడితే అసలుకే మోసం' అని మొదటి నుంచీ బుజ్జగింపు పాటే. ఇంకొందరు అందరం కలిసి కంపెనీల దివాలా కేసులు చూసే ఎన్‌సీఎల్‌టీకి వెళ్దామన్నారు. దివాలా చట్టం కింద వెళ్లాలంటే వంద మంది గానీ, ఆ ప్రాజెక్టులో కొన్నవాళ్లలో పదో వంతు గానీ కలవాలి. కేసు తీసుకున్న రోజు నుంచి కంపెనీ మీద వసూళ్లన్నీ ఆగిపోతాయి, నా రికవరీ సర్టిఫికెట్ కూడా. కట్టడం సగంలో ఆగిన ప్రాజెక్టు అయితే ఆ దారి పనికొస్తుంది, ఇంకో బిల్డర్ వచ్చి పూర్తి చేస్తాడు. ఇక్కడ ముళ్లకంప తప్ప ఏముంది? నేను రానన్నాను. నన్ను స్వార్థపరురాలన్నారు. వాళ్లు ఇప్పటికీ మీటింగుల్లోనే ఉన్నారు.

ఆస్తి ఎలా దొరికిందో చెప్తాను, ఇది మాత్రం అందరికీ పనికొస్తుంది. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైటులో 100 రూపాయలు కడితే ఏ కంపెనీ పత్రాలైనా చూడొచ్చు. బ్యాలెన్స్ షీట్లు, డైరెక్టర్లు, తాకట్టు పత్రాలు అన్నీ ఉంటాయి. కంపెనీ ఆస్తి తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటే సీహెచ్‌జీ-1 అనే ఫామ్ వేయాలి, దానికి తాకట్టు దస్తావేజు జత చేస్తారు, అందులో సర్వే నంబర్లతో సహా షెడ్యూలు ఉంటుంది. మా బిల్డర్ 2018లో ఇంకో జిల్లాలో ఎకరంన్నర స్థలం తాకట్టు పెట్టి అప్పు తీసుకుని తర్వాత తీర్చేశాడు. తీర్చేసినట్టు సీహెచ్‌జీ-4 కూడా వేశాడు. అంటే ఆ స్థలం మీద ఎవరి తాకట్టూ లేదు. ఇది ముఖ్యం. తాకట్టులో ఉన్న ఆస్తి చూపిస్తే బ్యాంకు ముందు తీసుకుంటుంది, మనదాకా మిగిలేది అనుమానమే. సర్వే నంబరు, గ్రామం పట్టుకుని ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయించాను. కంపెనీ పేరు మీదే ఉంది, అమ్మలేదు. ఆ ఈసీ కాగితాన్ని నేను ఎన్నిసార్లు చదువుకున్నానో!

కాగితాలన్నీ పట్టుకుని అదే జూనియర్ అసిస్టెంట్ దగ్గరికి వెళ్లాను. "ఈ భూమి మా జిల్లా కాదు మేడమ్" అన్నాడు. కాదు, నాకూ తెలుసు. ఆస్తి వేరే జిల్లాలో ఉంటే ఈ జిల్లా కలెక్టర్ ఆ జిల్లా కలెక్టర్‌కి సర్టిఫికెట్ పంపాలి, 1890 నాటి రెవెన్యూ రికవరీ చట్టం అందుకే ఉంది అన్నాను. "అలాంటిది మేం ఎప్పుడూ పంపలేదు, ఫార్మాట్ లేదు" అన్నాడు. ఫార్మాట్ ఆ చట్టం చివర షెడ్యూల్‌లోనే ఉంటుంది. సంచీలోంచి ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. దాని కింద, వివరాలన్నీ నింపి, సంతకానికి మాత్రం ఖాళీ వదిలి టైపు చేసిన కాగితం. ఆ అబ్బాయి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "కూర్చోండి మేడమ్" అన్నాడు. ఆ ఆఫీసులో నాకు కుర్చీ చూపించడం అదే మొదలు.

అవతలి జిల్లాలో పని మామూలుగా జరిగింది. అక్కడి తహసీల్దారుగారు ఫైలు చదివి ఉన్నారు, అంతకంటే ఏం కావాలి. నోటీసు, పంచనామా, అటాచ్‌మెంట్, రిజిస్ట్రేషన్ ఆఫీసుకి లెటర్. ఆ స్థలానికి బిల్డర్ అప్పటికే ఒకరి దగ్గర అడ్వాన్స్ తీసుకున్నాడని నాకు తెలీదు. రిజిస్ట్రేషన్‌కి స్లాట్ బుక్ చేసుకుని వెళ్లేసరికి ఆగిపోయిందట.

ఆ సాయంత్రమే ఫోను. నాలుగేళ్లుగా నా నంబరు గుర్తుపట్టని మనిషి "అమ్మా, నమస్కారం, ఆరోగ్యం బాగుందా" అన్నాడు. అసలు ఇచ్చేస్తానన్నాడు, వడ్డీ వదిలేయమన్నాడు. తర్వాత వడ్డీలో సగం అన్నాడు. మా మరిది కూడా రంగంలోకి దిగాడు: "వదినా, వచ్చిందే చాలు, పట్టువిడుపులు ఉండాలి." నేను ఆర్డర్‌లో ఉన్న సంఖ్య తప్ప ఇంకో సంఖ్య నోట పలకలేదు. చివరికి తహసీల్దారు ఆఫీసులోనే డీడీలు ఇచ్చాడు.

ఇక ఆ మిగిలిన పేచీ. వడ్డీ దాదాపు 17 లక్షలు, అందులో 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాడే ముందుగా కోసుకుని కట్టే ఆదాయపన్ను) పట్టుకున్నానని లక్షా డెబ్బై వేలు తగ్గించి డీడీ ఇచ్చాడు. వడ్డీ మీద టీడీఎస్ పట్టుకుంటానంటే నేను కాదనలేదు. అయితే ఆ సొమ్ము నా పాన్ మీద కట్టినట్టు నా పేరున జమైన పన్ను చూపించే ఫామ్ 26ఏఎస్‌లో ఇంతవరకు కనిపించలేదు. మొత్తం ముట్టిందని నేను రాసిస్తేనే అటాచ్‌మెంట్ ఎత్తేస్తామని తహసీల్దారుగారు చెప్పారు. బిల్డర్ మేనేజరు ఆ లెటర్ కోసం రోజూ మా స్కూలు గేటు దగ్గరికి వస్తున్నాడు. టీడీఎస్ కట్టిన చలానా, సర్టిఫికెట్ తెచ్చాక సంతకం పెడతానన్నాను. 'ఆడిటర్ ఊళ్లో లేడు మేడమ్, వచ్చే నెల' అంటున్నాడు. సరే, వచ్చే నెలే రండి అన్నాను.